చింతకాయ కోతకు చెట్టెక్కే ముందు: బేరం, నిచ్చెన, తాడు విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

శ్రీ సత్యసాయి జిల్లాలో సంక్రాంతి దాటిందంటే చింతకాయ కోత మొదలవుతుంది. తనకల్లు, నల్లచెరువు, గాండ్లపెంట, కదిరి, తలుపుల మండలాల్లో పొలం గట్ల మీద, చెరువుల కింద, రోడ్ల పక్కన ఉన్న చింత మానుల కాయను ఏప్రిల్ వరకు దులుపుతూనే ఉంటారు. కొట్టి గింజ తీసిన పండు హిందూపురం మార్కెట్ యార్డుకు చేరుతుంది. కరిపులి ఎంత పలికింది, ఫ్లవర్ రకం ఎంత పలికింది అని రైతులు వాకబు చేస్తారు. ఆ పండు కోసం చెట్టెక్కిన మనిషి క్షేమంగా దిగాడా లేదా అన్న లెక్క మాత్రం ఏ యార్డులోనూ ఉండదు.

వేరుశనగ విత్తన శుద్ధి గురించి, పురుగు మందుల పిచికారీలో జాగ్రత్తల గురించి ఊరూరా చెబుతుంటాం. చెట్టెక్కడం గురించి ఎవరూ నేర్పరు. తండ్రిని చూసి కొడుకు, అన్నను చూసి తమ్ముడు నేర్చుకోవడమే. అలా నేర్చుకున్నవారికి ఎక్కడం బాగా వస్తుంది. జారినప్పుడు ఏది ఆపాలి, పడినప్పుడు ఎలా ఎత్తాలి అన్నవి మాత్రం తెలియవు. ఎక్కేవారి జాగ్రత్త ఒక్కటే సరిపోదు. ఎవరు ఎక్కాలి, దేనితో ఎక్కాలి, ఎంత కాయ వదిలేయవచ్చు అన్నవి చెట్టు యజమాని, గుత్తేదారు కోతకు ముందే తేల్చుకోవాల్సిన విషయాలు. అందుకే ఈ సూచనలు ఎక్కేవారితో పాటు ఎక్కించేవారికి కూడా.

ఎత్తు ఎంతైతే ప్రమాదం?

"పది అడుగులే కదా" అనే మాట తరచుగా వింటాం. లెక్క చూడండి. 10 అడుగుల ఎత్తు నుంచి జారిన మనిషి ఒక్క సెకను కూడా గడవకముందే నేలను తాకుతాడు. అప్పటికి వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. 16 అడుగుల నుంచి పడితే సుమారు 35 కిలోమీటర్లు. 33 అడుగుల నుంచి పడితే 50 కిలోమీటర్లు. అంటే రోడ్డు మీద పోయే మోటారు సైకిల్ వేగంతో వచ్చి రాతి నేలకు గుద్దుకున్నట్లు. చేతితో కొమ్మ పట్టుకుందామనుకునే లోపే అంతా అయిపోతుంది.

చింత చెట్టు 60 అడుగులు దాటి కూడా పెరుగుతుంది. మన ప్రాంతంలో పెద్ద మానుల మొదటి పంగే మనిషి ఎత్తుకు పైన ఉంటుంది. అంత ఎత్తు నుంచి పడినప్పుడు తలకు, మెడకు, వెన్నుకు దెబ్బ తగులుతుంది. కాలు విరిగితే కొన్ని నెలలకు అతుక్కుంటుంది. వెన్నుపాము తెగితే నడుము కింది భాగం చచ్చుబడి, మనిషి జీవితాంతం మంచానికే పరిమితం కావచ్చు. కూలి మీద బతికే ఇంట్లో సంపాదించే మనిషి ఒకరు పోతారు, చూసుకోవడానికి మరొకరు ఇంటిపట్టునే ఉండాలి. ఆ ఇంటికి రెండు కూళ్లు పోయినట్లు.

బేరం దగ్గరే జాగ్రత్త మొదలుకావాలి

చింత మానులను రైతులు చాలాచోట్ల గుత్తకు ఇచ్చేస్తారు. గుత్తేదారు కూలీలను తెచ్చి దులిపిస్తారు. ఏదైనా జరిగితే "చెట్టు ఆయనది" అని గుత్తేదారు, "మనిషి వాళ్లు తెచ్చుకున్నది" అని రైతు అంటారు. మధ్యలో కూలి కుటుంబం నిలబడిపోతుంది. కాబట్టి గుత్త మాట్లాడేటప్పుడే ఈ కింది విషయాలు తేల్చుకుని, ఒక కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకాలు చేయండి.

1. నిచ్చెన, తాడు, బెల్టు, హెల్మెట్ ఎవరు తెస్తారు?
2. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?
3. ఎక్కే ప్రతి ఒక్కరికీ ప్రమాద బీమా ఉందా?
4. చెట్టు దగ్గర కరెంటు తీగలు ఉంటే లైన్‌మన్‌తో ఎవరు మాట్లాడతారు?

మరో ముఖ్యమైన విషయం కూలి లెక్క. చెట్టుకు ఇంత, బస్తాకు ఇంత అని మాట్లాడితే ఎక్కినవారు తొందరపడతారు. తాడు మార్చి కట్టడానికి పట్టే రెండు నిమిషాలు కూడా నష్టంగానే కనిపిస్తాయి. చెట్టెక్కేవారికి మాత్రం రోజు కూలి ఇవ్వడం మేలు. కింద ఏరేవారికి మీకు నచ్చిన లెక్క పెట్టుకోవచ్చు.

చివరి కొమ్మల మీద మిగిలిన కాయను వదిలేయడానికి యజమాని ముందే ఒప్పుకోవాలి. "ఆ చిటారు కొమ్మది కూడా దులుపు" అని కింద నుంచి కేకేయడమే చాలా ప్రమాదాలకు కారణం. వదిలేసిన కాయ ఎండి దానంతట అదే రాలుతుంది. రాలాక ఏరుకుంటే సరిపోతుంది.

ఎక్కకుండానే సగం పని

అన్నిటికంటే మంచి జాగ్రత్త చెట్టెక్కే అవసరాన్ని తగ్గించడం.

• కాయ పూర్తిగా పండనివ్వాలి. పండిన కాయలో గుజ్జు కుంచించుకుపోయి పెంకు నుంచి విడిపోతుంది. వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది, పెంకు సులభంగా పగులుతుంది. ఈ దశలో తొడిమ ఎండి ఉంటుంది కాబట్టి కొమ్మ ఊపితే చాలు, చాలావరకు కాయ రాలిపోతుంది. పచ్చి మీద దులపబోతే ఎక్కువసేపు పైన ఉండాలి, గట్టిగా కొట్టాలి, పండు నాణ్యత కూడా తగ్గుతుంది.
• చెట్టు కింద టార్పాలిన్ పట్టలు పరిచి, నేల మీద నిలబడి పొడవైన దోటితో కింది కొమ్మలను పట్టి ఊపాలి. కర్రతో బాదితే చిగుళ్లు, లేత కొమ్మలు దెబ్బతిని మరుసటి ఏడాది కాపు తగ్గుతుంది.
• మామిడికి చిక్కం కట్టిన దోటి వాడాలి. కొనకు చిన్న బ్లేడు ఉంటే తొడిమతో సహా కాయ తెగి చిక్కంలో పడుతుంది. సొన అంటదు, కాయ నేల మీద పడి దెబ్బతినదు.
• ట్రాక్టర్ ట్రాలీలో నిచ్చెన నిలబెట్టి ఎక్కకూడదు. జేసీబీ తొట్టిలో మనిషిని నిలబెట్టి పైకి లేపకూడదు. ఆ తొట్టి మట్టి ఎత్తడానికి చేసినది. అందులో పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. డ్రైవరు చేయి కొంచెం తగిలినా తొట్టి ఒరిగిపోతుంది.

ఎక్కే ముందు చెట్టును చూడాలి

ముందురోజు సాయంత్రమే చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడండి.

• ఎండిన కొమ్మలు, తొర్రలు, పురుగు తొలిచి పొట్టు రాలుతున్న చోట్లు గుర్తించాలి. చింత కొమ్మ గట్టిది అన్న నమ్మకం పచ్చి కొమ్మకే వర్తిస్తుంది. తొర్రపోయిన కొమ్మ పైకి పచ్చగానే కనిపించినా మొదట్లో విరుగుతుంది. నేరేడు, మునగ కొమ్మలైతే పచ్చివి కూడా పెళుసే. వాటి మీద బరువు వేయకూడదు.
• పెద్ద తేనెపట్టు, కందిరీగల గూడు ఉంటే ఆ చెట్టు ఎక్కవద్దు. ముప్పై అడుగుల ఎత్తులో ఈగలు ముసిరితే మనిషి చేతులు వదిలేస్తాడు.
• తొర్రల్లో పాములు ఉండవచ్చు. చేయి పెట్టే ముందు కర్రతో తట్టి చూడాలి.
• చెట్టు కింద రాళ్లు, ముళ్ల కంచె, పాత బావి, ఇనుప చువ్వలు ఉంటే వీలైనవి తొలగించాలి. బావి మీదికి వంగిన కొమ్మను వదిలేయాలి.

మంచు తడి ఆరే వరకు, అంటే పొద్దున ఎండ బాగా వచ్చేదాకా ఎక్కకూడదు. గాలి గట్టిగా వీస్తుంటే, వాన చినుకులు పడుతుంటే ఆ రోజుకు పని ఆపేయాలి. వెలుతురు తగ్గాక ఎక్కకూడదు.

కరెంటు తీగలు ఉన్న చోట

పొలాల మీదుగా పోయే 11 కేవీ తీగలకు రబ్బరు తొడుగు ఉండదు. తగలనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. అల్యూమినియం నిచ్చెన, ఇనుప పైపు నిచ్చెన, ఇనుప కొక్కెం ఉన్న దోటి, మంచుకు తడిసిన వెదురు గడ, పచ్చి కొమ్మ, అన్నిటిలోనూ కరెంటు పారుతుంది.

• నిచ్చెనను, దోటిని తీగ దగ్గర నిలువుగా ఎత్తకూడదు. వాటిని మోసుకెళ్లేటప్పుడు పడుకోబెట్టి ఇద్దరు పట్టుకోవాలి.
• దోటి పూర్తిగా చాచినా తీగకు కనీసం 10 అడుగుల దూరం ఉండాలి.
• తీగ కొమ్మలను రాసుకుంటూ పోతున్న చెట్టును ఎవరూ ఎక్కకూడదు. లైన్‌మన్‌కు చెప్పి, ఎల్‌సీ తీసుకుని, సరఫరా ఆపిన తర్వాతే ఆ కొమ్మలు కొట్టించాలి. ఏపీఎస్పీడీసీఎల్ టోల్‌ఫ్రీ నంబరు 1912కు ఫోన్ చేయవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ మీరే దించి "ఆపేశాం" అనుకోవద్దు. వేరే వైపు నుంచి సరఫరా ఉండవచ్చు, తెలియక ఇంకొకరు మళ్లీ వేయవచ్చు.
• ఎవరికైనా షాక్ తగిలితే సరఫరా ఆగే వరకు ఆ మనిషిని గానీ, నిచ్చెనను గానీ ముట్టుకోవద్దు. కాపాడబోయి రెండో మనిషి చనిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

నిచ్చెన ఎలా ఉండాలి, ఎలా వేయాలి

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేవి వెదురు నిచ్చెన, సరుగుడు కర్రల నిచ్చెన, అల్యూమినియం నిచ్చెన. ఏదైనా సరే, ఏడాదంతా గోడ పక్కన ఎండకూ వానకూ ఉన్నదాన్ని నేరుగా తెచ్చి ఎక్కకూడదు.

పరీక్ష: నిచ్చెనను నేల మీద పడుకోబెట్టి ఒక్కో మెట్టు మీద కాలితో గట్టిగా తొక్కి చూడాలి. మెట్టు కదిలినా, తిరిగినా, కర్ర చీలినా దాన్ని వాడవద్దు. మేకులు కొట్టి నిలబెట్టిన మెట్టు కంటే కర్రకు గాడి చేసి కూర్చోబెట్టి, తాడుతో బిగించిన మెట్టు నమ్మకమైనది. చెద తగిలిందేమో కాళ్ల దగ్గర చూడాలి. కర్ర నిచ్చెనకు రంగు వేయవద్దు, రంగు కింద చీలికలు కనపడవు. అవిసె నూనె పూస్తే చాలు.

వాలు: నాలుగుకు ఒకటి లెక్క గుర్తుంచుకోండి. నిచ్చెన చెట్టుకు ఆనిన చోటు 12 అడుగుల ఎత్తులో ఉంటే నిచ్చెన కాళ్లు మాను నుంచి 3 అడుగుల దూరంలో ఉండాలి. ఇంతకంటే దగ్గరగా ఉంటే వెనక్కి పడుతుంది, దూరంగా ఉంటే కాళ్లు జారతాయి. కొలవడానికి టేపు అక్కర్లేదు. నిచ్చెన కాళ్లకు మీ కాలి వేళ్లు ఆనించి నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాచండి. భుజాల ఎత్తులో ఉన్న మెట్టు అరచేతులకు సరిగ్గా అందితే వాలు సరిపోయినట్లు.

నేల: దుక్కి దున్నిన మెత్తటి నేలలో ఒక కాలు దిగబడుతుంది. గట్టు మీద ఒక కాలు గాలిలో ఉంటుంది. రాళ్లు, ఇటుకలు పేర్చి ఎత్తు సరిచేయడం ప్రమాదం. ఎత్తుగా ఉన్న వైపు నేలను తవ్వి రెండు కాళ్లనూ సమం చేయాలి. మెత్తటి నేలలో వెడల్పాటి పలక వేసి, అది జారకుండా మేకులు దిగ్గొట్టాలి.

పై కొస: మాను గుండ్రంగా ఉంటుంది కాబట్టి నిచ్చెన పక్కకు దొర్లుతుంది. సన్నటి కొమ్మకు ఆనిస్తే కాయ రాలి బరువు తగ్గగానే ఆ కొమ్మ పైకి లేచి నిచ్చెన జారిపోతుంది. అందుకే లావైన పంగలోనే ఆనించాలి. మొదటిసారి ఎక్కేటప్పుడు కింద ఒకరు కాళ్లు తొక్కి పట్టుకోవాలి. ఎక్కినవారు ముందుగా నిచ్చెన పై కొసను చెట్టుకు తాడుతో కట్టాలి. ఆ తర్వాతే మిగతా పని. నిచ్చెన మీద నుంచి కొమ్మ మీదికి దిగేటట్లయితే నిచ్చెన ఆ కొమ్మ కంటే మూడు అడుగులు పైకి ఉండాలి, పట్టుకోవడానికి ఆసరా దొరుకుతుంది.

ఎక్కేటప్పుడు: నిచ్చెన వైపు ముఖం పెట్టి ఎక్కాలి, అలాగే దిగాలి. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి. దోటి, కొడవలి చేతిలో పట్టుకుని ఎక్కకూడదు. పైకి చేరాక తాడు వేసి లాక్కోవాలి. పై మూడు మెట్ల మీద నిలబడకూడదు. పక్కకు ఎంత వంగవచ్చు అన్నదానికి ఒక గుర్తు ఉంది. మీ బొడ్డు నిచ్చెన రెండు నిలువు కర్రల మధ్యలోనే ఉండాలి. అది దాటితే దిగి నిచ్చెన జరపాలి. నిచ్చెన మీద ఒక సమయంలో ఒక్కరే ఉండాలి.

మామిడి, సపోటా లాంటి తక్కువ ఎత్తు చెట్లకు మూడు కాళ్ల నిచ్చెన బాగా పనికొస్తుంది. పండ్ల తోటలు ఎక్కువగా ఉన్న దేశాల్లో దీన్నే వాడతారు. మూడో కాలు కొమ్మల మధ్యకు దూరుతుంది, ఎగుడుదిగుడు నేలలో కూడా నిలుస్తుంది. ఊళ్లో వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు. రెండు వైపులా విడదీసే నిచ్చెనను మాత్రం మడిచి గోడకు ఆనించి ఎక్కవద్దు.

తాడు, బెల్టు

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు తరతరాలుగా మోకు వాడుతున్నారు. అయినా మోకు జారి పడిపోయే ప్రమాదాలు ఆగలేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కిట్ల పంపిణీ ప్రారంభించింది. ఒంటికి కట్టుకునే బెల్టు, తాళ్లు, క్లిప్పులు కలిసిన కిట్టు అది. పట్టు తప్పినా మనిషి నేల మీద పడకుండా చెట్టుకే వేలాడి నిలుస్తాడు. కేరళలో కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో "కొబ్బరి చెట్టు మిత్రులు" పేరుతో యువతీ యువకులకు యంత్రంతో చెట్టెక్కడంలో శిక్షణ మొదలుపెట్టింది. కన్నూరు జిల్లా చెంపేరికి చెందిన ఎం.జె. జోసెఫ్ అనే రైతు రూపొందించిన కాలి యంత్రం దక్షిణాదిలో కొబ్బరి తోటలకు బాగా చేరింది.

ఈ రెండు పరికరాలూ కొమ్మలు లేని నిటారు చెట్లకు పనికొస్తాయి. పంగలు, కొమ్మలు ఉన్న చింత చెట్టుకు యథాతథంగా సరిపోవు. కానీ వాటి వెనుక ఉన్న సూత్రం మనకు పనికొస్తుంది. చేయి జారినా మనిషి జారకూడదు. చింత చెట్టుకు ఇలా చేసుకోవాలి.

• భుజాలు, ఛాతీ, తొడలు అన్నిటినీ పట్టే పూర్తి శరీర బెల్టు కొనాలి. ఐఎస్ 3521 ప్రమాణం, ఐఎస్‌ఐ గుర్తు చూసి తీసుకోవాలి. భవన నిర్మాణ సామగ్రి అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. ఒక్క నడుముకే కట్టుకునే బెల్టు పడినప్పుడు కడుపును, వెన్నును నలిపేస్తుంది.
• రెండు కొక్కేల తాడు ఉన్న బెల్టు అయితే మరీ మంచిది. ఒక కొక్కెం పై కొమ్మకు తగిలించాకే కింది కొక్కెం విప్పాలి. ఏ క్షణంలోనూ రెండూ విప్పి ఉండకూడదు.
• తాడు కట్టే కొమ్మ పచ్చిది కావాలి, తొడంత లావు ఉండాలి, తల కంటే పైన ఉండాలి. మాను దగ్గరగా కట్టాలి. కొమ్మ చివరన కట్టకూడదు.
• తాడు వదులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. పొడవుగా వదిలిన తాడు సాగి మనిషిని ఆపేలోపు కాళ్లు నేలను తాకవచ్చు. 20 అడుగుల లోపు ఎత్తులో పనిచేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం.
• నైలాన్ తాడు ఎండకు పెళుసుబారుతుంది. నూగు లేచినా, పోగులు తెగినా, గట్టిబడినా పశువులను కట్టుకోవడానికి వాడుకోండి, మనిషికి కట్టవద్దు. బెల్టు, తాడు ఇంట్లో నీడపట్టున, పురుగు మందులకు, బ్యాటరీ యాసిడ్‌కు దూరంగా వేలాడదీయాలి. ఒకసారి మనిషి బరువును ఆపిన బెల్టును మళ్లీ వాడకూడదు.
• తాడుకు వేలాడుతున్న మనిషిని కొద్ది నిమిషాల్లోనే కిందికి దించాలి. తొడల దగ్గర పట్టీలు బిగిసి, రక్తం కాళ్లలో నిలిచిపోయి స్పృహ తప్పవచ్చు. కాబట్టి ఒంటరిగా ఎప్పుడూ ఎక్కవద్దు. ఎక్కడం తెలిసిన రెండో మనిషి, ఇంకో తాడు కింద సిద్ధంగా ఉండాలి.

గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్ పైవారికి, కిందివారికి కూడా అవసరం. పంచె, లుంగీ, వదులు చొక్కా కొమ్మలకు తగులుకుంటాయి. బిగువైన ప్యాంటు, రబ్బరు అడుగు ఉన్న బూట్లు మంచివి. హవాయి చెప్పులతో ఎక్కవద్దు.

ఎవరు ఎక్కకూడదు, కింద ఎవరు ఉండకూడదు

మూర్ఛ, కళ్లు తిరగడం, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, షుగరు ఉన్నవారు ఎక్కకూడదు. మత్తు కలిగించే జలుబు మందు వేసుకున్నా ఆ రోజు కిందనే ఉండాలి. మద్యం తాగినవారిని, ముందురాత్రి తాగి మత్తు దిగనివారిని చెట్టు దగ్గరకు రానివ్వవద్దు. ఖాళీ కడుపుతో ఎక్కకూడదు. గంటకోసారి దిగి నీళ్లు తాగాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను "తేలికగా ఉంటాడు, చివరి కొమ్మకు పోతాడు" అని ఎక్కించడం తప్పు.

కాయ ఏరేవారిలో ఎక్కువ మంది ఆడవాళ్లే. పైన దులుపుతుండగానే వారు కింద ఏరుతుంటారు. విరిగిన కొమ్మ, జారిన కొడవలి, దోటి వారి మీద పడతాయి. పైన మనిషి ఉన్నంతసేపు చెట్టు నీడలో ఎవరూ ఉండకూడదు. దులపడం ఆపి "దిగాను" అని కేకేశాకే ఏరడం మొదలుపెట్టాలి. చంటిపిల్లల ఉయ్యాల అదే చెట్టుకు కట్టవద్దు.

రేకుల షెడ్లు ఎక్కేటప్పుడు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో పట్టుపురుగుల షెడ్లు, పశువుల కొట్టాలు చాలావరకు సిమెంటు రేకులతో ఉంటాయి. పాతబడిన సిమెంటు రేకు మనిషి బరువుకు ఒక్కసారిగా పగులుతుంది. కింద సిమెంటు గచ్చు ఉంటుంది. రేకు మీద నేరుగా కాలు పెట్టవద్దు. బోల్టుల వరుస కింద ఇనుప పట్టీ ఉంటుంది. రెండు మూడు పట్టీల మీద ఆనేటట్లు పొడవైన చెక్క పలకలు వేసి, వాటి మీదే నడవాలి. పలకలు రెండు ఉంచుకుంటే ఒకదాని మీద నిలబడి రెండోదాన్ని ముందుకు జరుపుకోవచ్చు. వీలైతే రేకును కింద నుంచే, లోపలి వైపు నుంచే మార్చాలి.

పడినప్పుడు మొదటి పది నిమిషాలు

దెబ్బ తగిలిన మనిషికి మేలు చేద్దామని కంగారులో చేసే పనే వెన్నుపామును పూర్తిగా తెంపవచ్చు. చేతులు ఇద్దరు, కాళ్లు ఇద్దరు పట్టుకుని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టడం అలాంటి పనే.

చేయాల్సినవి:
1. 108కు ఫోన్ చేయండి. ఊరు పేరుతో పాటు ఏ దారిలో రావాలో చెప్పండి. ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టండి.
2. పడిన మనిషిని కదిలించవద్దు. "కదలొద్దు" అని చెప్పి, ఒకరు తల వైపు కూర్చుని రెండు చేతులతో తలను, మెడను కదలకుండా పట్టుకోవాలి.
3. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి.
4. వాంతి అవుతుంటే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి ఒంటిని మొత్తంగా ఒక పక్కకు తిప్పాలి. తల ఒక్కటే తిప్పకూడదు.
5. నీళ్లు, సోడా, కాఫీ ఏమీ తాగించవద్దు.
6. అంబులెన్సు రాలేని చోటైతే తలుపు రెక్క గానీ, వెడల్పాటి పలక గానీ తెచ్చి, ఒంటిని ఒకే వరుసలో దాని మీదికి చేర్చి, కదలకుండా గుడ్డలతో కట్టి పడుకోబెట్టే తీసుకెళ్లాలి.

లేచి నడిచాడు కదా అని ఇంటికి పంపవద్దు. కాళ్లు తిమ్మిరెక్కడం, మూత్రం రాకపోవడం, తలనొప్పి పెరగడం, వాంతులు, మగతగా ఉండడం, కడుపు గట్టిబడడం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. నాటు కట్టు కోసం సమయం పోగొట్టకుండా ఆసుపత్రికే తీసుకెళ్లాలి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తించే ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్రను కలవండి.

20 రూపాయల బీమా

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్న ఎవరైనా చేరవచ్చు. 2022 జూన్ 1 నుంచి ఏడాదికి ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే, రెండు కళ్లూ పూర్తిగా పోతే, రెండు చేతులు గానీ రెండు కాళ్లు గానీ శాశ్వతంగా పనిచేయకపోతే 2 లక్షల రూపాయలు వస్తాయి. ఒక కన్ను, ఒక చేయి లేదా ఒక కాలు పోతే లక్ష రూపాయలు.

• బీమా ఏడాది జూన్ 1 నుంచి మే 31 వరకు. మధ్యలో చేరినా పూర్తి 20 రూపాయలే. కోత మొదలయ్యేలోపు ఖాతాలో డబ్బు ఉందో లేదో, ప్రీమియం కట్ అయిందో లేదో పాసుపుస్తకంలో చూసుకోండి. ఖాతాలో డబ్బు లేక రద్దయిన బీమా పడిన తర్వాత పనికిరాదు.
• చెట్టు మీద నుంచి పడిన ప్రమాదాలకు వెంటనే ఆసుపత్రిలో చూపించిన రికార్డు కావాలని ఈ పథకం నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఆసుపత్రిలో "చెట్టు మీద నుంచి పడ్డాడు" అని ఉన్నది ఉన్నట్లు రాయించండి. చీటీలు, డిశ్చార్జి కాగితాలు జాగ్రత్త చేయండి.
• ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు బ్యాంకుకు తెలియజేయాలి. నామినీ పేరు సరిగా ఉందో ముందే చూసుకోవాలి.

గుత్తేదారు పదిమంది కూలీలకు ప్రీమియం కట్టినా అయ్యేది 200 రూపాయలే.

కోతకు ముందు అరపూట శిక్షణ

ఇదంతా చదివితే వచ్చేది కాదు, చేసి చూడాలి. డిసెంబరు చివరలో ఊళ్లో ఒక చెట్టు కింద అరపూట శిక్షణ పెట్టుకోండి. రైతు సేవా కేంద్రంలో ముందుగా చెబితే వ్యవసాయ, ఉద్యాన సిబ్బందిని పిలిపించవచ్చు. 108 సిబ్బందిని, లైన్‌మన్‌ను కూడా రమ్మని అడగండి. గుత్తేదారులు, ఎక్కేవారు, ఏరే ఆడవాళ్లు అందరూ ఉండాలి.

మొదటి గంట: ఊళ్లో ఉన్న నిచ్చెనలన్నీ తెచ్చి పరీక్షించడం, పనికిరానివి అక్కడే విరగ్గొట్టడం. రెండో గంట: బెల్టు కట్టుకోవడం, నాలుగైదు అడుగుల ఎత్తులోనే రెండు కొక్కేలు మార్చుకుంటూ సాధన చేయడం, వేలాడుతున్న మనిషిని దించడం. మూడో గంట: పడిన మనిషిని పలక మీదికి చేర్చడం. దీన్ని ప్రతి ఒక్కరూ ఒకసారి చేయాలి. ఆఖరున బీమా లేనివారి పేర్లు రాసుకుని మర్నాడే బ్యాంకుకు వెళ్లాలి. బెల్టులు ఒక్కొక్కరు కొనలేకపోతే ఊరికి రెండు మూడు ఉమ్మడిగా కొని వంతులవారీగా వాడుకోవచ్చు.

కొత్తగా నాటేవారు

ఇకపై నాటే చెట్లు ఇంత ఎత్తు పెరగనక్కర్లేదు. గింజ మొక్కలకు బదులు అంటు మొక్కలు నాటితే త్వరగా కాపుకు వస్తాయి, తక్కువ ఎత్తులోనే కొమ్మలు విస్తరిస్తాయి. తమిళనాడు పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1, అనంతపురం ఉద్యాన పరిశోధన స్థానం విడుదల చేసిన అనంత రుధిర, తెట్టు అమాలిక రకాలు అందుబాటులో ఉన్నాయి. మొదటి మూడు నాలుగేళ్లు నడి కొమ్మను కత్తిరించి పక్క కొమ్మలను పెంచితే చాలా కాయ నిచ్చెనకు, దోటికి అందుతుంది.

ఈ ఏడాది కోతకు మాత్రం పెద్ద మానులే ఉన్నాయి. గుత్త మాట్లాడే ముందు పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసుకోండి. బెల్టు, తాడు, బీమా లేకుండా ఎవరినీ చెట్టెక్కించవద్దు. సందేహాలుంటే మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి.